నక్షత్రపు గుఱుతు: స్టీఫెన్ కోల్ క్లేనీ జీవితము

మహనీయుల చరిత్రములు వ్రాయువారు సామాన్యముగా రాజులను, సేనానులను, కవులను, సంఘసంస్కర్తలను ఎన్నుకొందురు. ఈ సంవత్సరపు సంచికలో మేము ఒక గణితశాస్త్రజ్ఞుని జీవితమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును పరిచయము చేయదలచితిమి. ఆయన రాజ్యములు గెలిచినవాడు కాడు. యంత్రములు నిర్మించి విక్రయించినవాడును కాడు. అయినను కంప్యూటరులో ఫైళ్లను వెదకునప్పుడును, వానికి బ్యాకప్ ప్రతులు తీయునప్పుడును మనము వ్రాయు చిన్న నక్షత్రపు గుఱుతునకు గల అర్థమును లెక్కకు తేగల గణితము ఆయనది. ఆయన పేరు స్టీఫెన్ కోల్ క్లేనీ. ఆ యింటిపేరును చాలమంది క్లీన్ అని చదువుదురు గాని, ఆయన మాత్రము క్లేనీ అనియే పలుకుచుండెను.

ఈ చరిత్రమును వ్రాయబూనుటకు మాకొక కారణము కలదు. గత సంవత్సరము ఈ సంచిక కొఱకు విద్యార్థులు పంపిన రచనలన్నిటిని ఒక కంప్యూటరులో నుంచి, ప్రతిదినము సాయంకాలము వేఱొక డిస్కులోనికి ప్రతి తీయించుచుంటిమి. దిద్దుబాటునకు ముందటి పాత ప్రతులు వృథాగా చోటు ఆక్రమించుచున్నవని తలచి, పేరులో ఎచ్చటనైనను పాత అని యున్న ఫైళ్లను విడిచిపెట్టుమని బ్యాకప్ ప్రోగ్రామునకు ఒక నమూనా వ్రాసి యిచ్చితిమి. ఆ నమూనా *పాత* అని యుండెను. మొదటి నక్షత్రము ముందు ఏమున్నను సరే యనియు, రెండవ నక్షత్రము వెనుక ఏమున్నను సరే యనియు చెప్పును. కొన్ని వారములకు కంప్యూటరు చెడిపోయెను. మేము నిశ్చింతగా రెండవ డిస్కును తెఱచి చూచితిమి. మూడు రచనలు అందు లేవు. ఒకటి పాతాళభైరవి చలనచిత్రమును గూర్చి తొమ్మిదవ తరగతి బాలిక వ్రాసిన వ్యాసము. రెండవది పాతనిబంధనలోని నదులను గూర్చినది. మూడవది కృపాతిశయము అను పేరు గల పద్యములు. ప్రోగ్రాము తప్పు చేయలేదు. మేము వ్రాసిన దానిని ఉన్నదున్నట్లు నెఱవేర్చెను. తప్పు మాదే. వ్యాసములు వ్రాసినవారు ఇద్దరును మరల శ్రమపడి వ్రాసి యిచ్చిరి. పద్యములు వ్రాసిన బాలుని యొద్ద మాత్రము వేఱు ప్రతి లేకపోయెను. ఆ దినమున మాకు కలిగిన సిగ్గు వలననే ఈ గుఱుతును గూర్చి లెస్సగా తెలిసికొనవలెనను కోరిక పుట్టెను. తెలిసికొనగా క్లేనీ కనబడెను.

క్లేనీ 1909 సంవత్సరము జనవరి 5వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున హార్ట్‌ఫర్డ్ పట్టణములో జన్మించెను. తండ్రి గుస్తావ్ అడాల్ఫ్ క్లేనీ అర్థశాస్త్ర ఆచార్యుడు; తల్లి ఆలిస్ కోల్ కవయిత్రి. తల్లి యింటిపేరే కుమారుని పేరు నడుమ నిలిచినది. మెయిన్ రాష్ట్రములో ఆ కుటుంబమునకు ఒక వ్యవసాయ క్షేత్రము ఉండెను. అచ్చటి కొండలును, అడవులును బాలుని మనస్సునకు హత్తుకొనెను. ఆయన పెద్దవాడై పేరుపొందిన తరువాతను కొండలెక్కుట మానలేదు.

ఆమ్‌హర్స్ట్ కళాశాలలో 1930లో పట్టము పొంది, ఆయన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున ఆలోంజో చర్చ్ అను తార్కికునికి శిష్యుడాయెను. గణితమంతటికి పునాదిగా నుండదగిన ఒక క్రొత్త తర్కపద్ధతిని గురువు అప్పుడు కల్పించియుండెను. అందు సంఖ్యలనుకూడ కేవలము సూత్రములతో నిర్మింపవలెను. ఒక సంఖ్యకు తరువాతి సంఖ్యను చెప్పుట సులభముగనే కుదిరెను. ముందటి సంఖ్యను చెప్పుట మాత్రము ఎవరికిని అందలేదు. అది ఆ పద్ధతిలో సాధ్యము కాదేమో యని గురువే సందేహించెను. 1932లో క్లేనీ ఒకనాడు దంతవైద్యుని గదిలో కూర్చుండియుండగా ఉపాయము తట్టెను. పన్ను తీయించుకొనుచు లెక్క సాధించిన శిష్యుడని ఈ కథ నేటికిని గణితశాస్త్రజ్ఞులలో ప్రసిద్ధము. ఆయనయే దానిని పిమ్మట చెప్పుకొనెను.

అయితే అంతకంటె గొప్ప పరీక్ష ముందున్నది. 1934లో ఆయన డాక్టరు పట్టము పొందెను. ఆ మరుసటి సంవత్సరము ఆయనయు, సహాధ్యాయియైన జె. బి. రాసరును కలిసి గురువుగారి తర్కపద్ధతిలో పరస్పర విరోధము కలదని నిరూపించి ప్రకటించిరి. తాము సంవత్సరముల తరబడి నివసించిన యింటి పునాదిలో పగులు చూపుట సామాన్యమైన పని కాదు. గురువు కోపగించుకొని శిష్యులను దూరము చేయలేదు. శిష్యులు గురువును తక్కువ చేయలేదు. ఆ పద్ధతిలో చెడని భాగము వేఱుచేయబడి, లాంబ్డా గణితమను పేరుతో నేటికిని నిలిచియున్నది. తప్పు దొరకుట నష్టము కాదనియు, దొరకని తప్పే నష్టమనియు మేము ఇందుండి గ్రహించితిమి.

1935లో క్లేనీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరెను. ఆ కాలమున గణితశాస్త్రజ్ఞులను కలవరపెట్టుచున్న ప్రశ్న యొకటి కలదు. ఏ లెక్కను నియమము ప్రకారము, బుద్ధిబలముతో నిమిత్తము లేకుండ, మెట్టు తరువాత మెట్టుగా చేయగలము? ఏది అట్లు చేయజాలము? చర్చ్, గోడెల్, ట్యూరింగ్ మున్నగువారు వేఱువేఱు మార్గముల దీనికి సమాధానము వెదకిరి. ఆ మార్గములన్నియు ఒక్కచోటికే చేరుచున్నవని చూపినవారిలో క్లేనీ ముఖ్యుడు. నియమమునకు లొంగు ప్రాంతమునకు ఎల్ల లెచ్చటనో ఆయన కొలిచి గీచెను. ఆ ప్రాంతమునకు ఆవల నున్నవానిలో కూడ అంతస్తులు కలవని చూపెను. 1952లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథములో ఈ విషయమునందలి మూలభావమునకు తన పేరు పెట్టుకొనక, గురువు పేరు పెట్టి చర్చ్ సిద్ధాంతమని వ్యవహరించెను.

నడుమ రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. క్లేనీ అమెరికా నౌకాదళమున చేరి, న్యూయార్కులో యువ నావికాధికారులకు ఓడలు నడుపు దారిలెక్కలు బోధించెను. పిమ్మట వాషింగ్టనులోని నౌకాదళ పరిశోధనాలయమున పనిచేసెను. 1946లో విస్కాన్సినునకు తిరిగివచ్చి, 1948లో పూర్తి ఆచార్య పదవి నందెను.

మన నక్షత్రము పుట్టినది 1951 వేసవిలో. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా పట్టణమున రాండ్ అను పరిశోధన సంస్థలో క్లేనీ ఆ వేసవి గడపెను. మెదడులోని నాడీకణములను చిన్న మీటలుగా భావించి 1943లో మెకల్లక్, పిట్స్ అనువారు ప్రకటించిన వ్యాసమొకటి ఆయన చేతికి వచ్చెను. ఇట్టి మీటలు పరిమితమైన సంఖ్యలో గల యంత్రము, తన యొద్దకు వరుసగా వచ్చు గుఱుతులలో ఏ యే వరుసలను గుర్తింపగలదు? ఇదియే ఆయన వేసికొనిన ప్రశ్న. దీనికి సమాధానముగా ఆయన మూడు క్రియలను చెప్పెను. వానిని మన ద్విపద ఛందస్సుతో పోల్చి చూచినచో పాఠశాల విద్యార్థులకు కూడ తెలియగలదు.

ద్విపదలో ప్రతిపాదమునను మూడు ఇంద్రగణములు, పిదప ఒక సూర్యగణము వచ్చును. యతి ప్రాసల మాటను ఇప్పటికి ప్రక్కనుంచుదము. ఒక గణము తరువాత వేఱొక గణము రావలెననుట మొదటి క్రియ, అది కూర్పు. సూర్యగణమన్నచోట నగణమైనను, హగణమైనను ఉండవచ్చుననుట రెండవ క్రియ, అది వికల్పము. ఇట్టి రెండు పాదములను కవి తన యిష్టము వచ్చినన్ని పర్యాయములు మరల మరల వ్రాసికొనిపోవచ్చు ననుట మూడవ క్రియ, అది ఆవృత్తి. బసవపురాణమును, రంగనాథ రామాయణమును ఇట్లు సాగినవే. ఈ ఆవృత్తికి క్లేనీ నక్షత్రపు గుఱుతును వాడెను. నక్షత్రము తనకు ముందున్నది ఎన్నిసార్లయినను రావచ్చునని చెప్పును. ఒక్కసారియు రాకపోయినను సరియే. పిడికెడు గుఱుతులతో అనంతమైన వరుసలను బంధించు శక్తి ఈ నక్షత్రమునకు కలదు.

పరిమిత యంత్రము గుర్తింపగల వరుసలన్నియు ఈ మూడు క్రియలతో చెప్పదగినవే యనియు, ఈ మూడింటితో చెప్పదగిన దానినంతటిని అట్టి యంత్రము గుర్తింపగలదనియు క్లేనీ నిరూపించెను. ఆ వరుసలకు ఆయన పెట్టిన పేరు క్రమబద్ధమైనవి అని అర్థమిచ్చును. అంతకంటె అర్థవంతమైన పేరు ఎవరైన సూచించినచో సంతోషింతునని ఆయన తన వ్యాసముననే తెలిపెను; కాని మొదటి పేరే నిలిచిపోయెను. ఆ వ్యాసము 1951 డిసెంబరులో రాండ్ నివేదికగాను, 1956లో గ్రంథభాగముగాను వెలువడెను. ఇందును ఆయన ఎల్లను చూపుట మఱువలేదు. ఎంత లోతుగనైన ఒకదానిలో నొకటి వచ్చు కుండలీకరణములు సరిగా తెఱచి మూయబడినవో లేదో పరిమిత యంత్రము చెప్పజాలదు. దానికి జ్ఞాపకము చాలదు.

ఈ శుద్ధగణితము కంప్యూటరు బల్ల మీదికి వచ్చిన విధము వినదగినది. కెన్ థాంప్సన్ అను అమెరికను ఇంజనీరు 1968లో క్లేనీ క్రియల సహాయమున పాఠములో మాటలను వెదకు పద్ధతిని ప్రకటించెను. 1973లో ఆయన వ్రాసిన గ్రెప్ అను ప్రోగ్రాము అట్టి నమూనా కలిగిన పంక్తులను ఏఱి చూపును. యూనిక్స్ అను వ్యవస్థ యొక్క 1971 నాటి మొదటి కూర్పులోనే ఫైళ్ల పేరులను నమూనాతో ఏఱు గ్లాబ్ అను చిన్న ప్రోగ్రాము కూడ కలదు. ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గమనింపవలెను. క్లేనీ నక్షత్రము ముందున్న దానిని ఆవృత్తి చేయును. ఫైళ్ల పేరులలోని నక్షత్రము తనకు తానే ఏ అక్షరముల వరుసకైనను సరిపోవును. క్లేనీ భాషలో చెప్పవలెనన్న, అది ఏదో ఒక అక్షరము అనుదానికి తగిలించిన నక్షత్రము. గుఱుతు ఒక్కటే, వ్యాకరణములు రెండు. ఒకదానిని మఱియొకదానిగా భావించి వ్రాసినవారు తప్పక మోసపోవుదురు.

తెలుగువారికి ఇంకొక మెలకువ కావలెను. ఫైలు నమూనాలో ప్రశ్నార్థకపు గుఱుతు ఏదైన ఒక అక్షరమునకు సరిపోవునని చెప్పుదురు. తెలుగు అను పేరును పట్టుటకు ఎన్ని ప్రశ్నార్థకములు వ్రాయవలెను? మన లెక్కకు మూడక్షరములు. కాని కంప్యూటరులో తె అనునది తకారము, ఎత్వము అను రెండు సంకేతములు. లు, గు అనునవియు అట్లే. కావున సంకేతములను లెక్కించు ప్రోగ్రామునకు ఆరు ప్రశ్నార్థకములు కావలెను. సంకేతమునకు మూడేసి బైట్లు పట్టునట్టి నేటి సామాన్య పద్ధతిలో, బైట్లను లెక్కించు ప్రోగ్రామునకైతే 18 కావలెను. మా పద్యములు పోయిన కారణము ఇప్పుడు బోధపడును. కృపాతిశయము అను పేరులో పాత అను మాట కంటికి కనబడదు. కాని తి అనునది తకారమును, గుడియును అగుటచే, పకారము, దీర్ఘము, తకారము అను మూడు సంకేతములు వరుసగా అందు ఉన్నవి. యంత్రము చూచినది ఆ మూడింటినే. పాతాళభైరవియు ఇట్లే చిక్కినది.

ప్రోగ్రాములును అన్నియు ఒక్క తీరున నుండవు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ అనువారు వెలువరించిన ఆర్‌సింక్ అను ప్రతి తీయు ప్రోగ్రాములో ఒంటి నక్షత్రము ఫోల్డరుల నడుమనుండు గీతను దాటదు. జంట నక్షత్రము దాటును. గ్నూ టార్ అను మఱియొక ప్రోగ్రాములో, విడిచిపెట్టుమని చెప్పు నమూనాలోని ఒంటి నక్షత్రమే సామాన్యముగా ఆ గీతను దాటిపోవును. ఆర్‌సింక్ నియమములను వరుసగా చదివి, మొదట సరిపోయిన దానినే పాటించును. ఒక ఫోల్డరును విడువుమని ముందు చెప్పి, అందలి ఫైలు నొకదానిని తీసికొనుమని వెనుక చెప్పినచో, ఆ రెండవ మాట వినబడదు. విడిచిన ఫోల్డరు లోపలికి అది అడుగే పెట్టదు. ఇట్టి సూక్ష్మములు తెలియక పోయిన ఫైళ్లు పోయినట్లు కూడ తెలియవు. విడిచిపెట్టు నమూనా మౌనముగా పనిచేయును. మనకు ప్రతి కావలసిన దినమునగాని దాని తప్పు బయటపడదు.

ప్రతి లేని శ్రమ ఎట్లు నశించునో క్లేనీ నివసించిన మాడిసన్ పట్టణము కన్నులార చూచినది. ఆయన 1969 మొదలు 1974 వరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సాహిత్య విజ్ఞానశాస్త్ర కళాశాలకు డీనుగా ఉండెను. అవి వియత్నాము యుద్ధమునకు ప్రతికూలముగా విద్యార్థులు ఉద్రేకించియున్న దినములు. 1970 ఆగస్టు 24వ తేదీ తెల్లవారుజామున, సైన్యమునకు సంబంధించిన గణిత పరిశోధన కేంద్రమును నాశనము చేయ నుద్దేశించి, కొందరు స్టెర్లింగ్ హాల్ అను భవనమునొద్ద బాంబు ప్రేల్చిరి. యువ భౌతికశాస్త్ర పరిశోధకుడొకడు మరణించెను; ముగ్గురు గాయపడిరి. ఆ భవనమునందే యున్న భౌతికశాస్త్ర విభాగమువారిలో కొందరి అనేక సంవత్సరముల పరిశోధనము ధ్వంసమయ్యెను. మనుష్యుని ప్రాణమునకు ప్రతి లేదు. అది పోయినచో పోయినదే. కాగితములకును, ఫైళ్లకును ప్రతి తీయవచ్చును. తీయదగినదానిని తీయకుండుటయే మన అపరాధము.

క్లేనీ 1969లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తునకు ఎన్నికయ్యెను. 1979లో ఉద్యోగవిరమణ చేసెను. 1983లో అమెరికా గణితసంఘమువారి స్టీల్ బహుమానమును, 1990లో జాతీయ విజ్ఞాన పతకమును ఆయనకు లభించెను. అధ్యాపకుడుగా చేరిన విశ్వవిద్యాలయమునకే, నడుమ కొలదికాలము తప్ప, తన జీవితమునంతయు సమర్పించి, 1994 జనవరి 25వ తేదీన, 85 సంవత్సరముల వయస్సున, మాడిసన్ పట్టణముననే పరమపదించెను. ఆయన గతించి ముప్పది సంవత్సరములు దాటినను, ఆయన నక్షత్రము లక్షల యంత్రములలో దినదినము ఉదయించుచునే యున్నది.

విద్యార్థులారా! ఈ జీవితమునుండి మేము గ్రహించినది ఒక్కటే. నియమమునకు బలము కలదు, ఎల్లయును కలదు. క్లేనీ తన యౌవనమున గురువుగారి తర్కమునకు ఎల్ల చూపెను. నడివయస్సున లెక్కకును, యంత్రపు జ్ఞాపకమునకును ఎల్ల చూపెను. నమూనా ఫైలు పేరు యొక్క ఆకారమును మాత్రమే ఎఱుగును; ఆ ఫైలు వెనుక నున్న బాలుని శ్రమ ఎట్టిదో, తల్లిదండ్రుల ఛాయాచిత్రముల విలువ ఎంతయో అది ఎఱుగదు. అది ఎఱుగవలసినవారము మనము.

కాబట్టి మీరు బ్యాకప్ నమూనా వ్రాయునపుడు మొదట దానిని ప్రతి తీయకుండ నడిపి, ఏ ఫైళ్లు పోవునో, ఏవి నిలుచునో జాబితా చూడుడు. మంచి ప్రోగ్రాములు పెక్కు ఇట్టి వట్టి పరీక్షకు అవకాశమిచ్చును. ఆ జాబితాలో తీసికొనబడిన పేరులకంటె విడువబడిన పేరులను ఎక్కువ శ్రద్ధతో చదువుడు. నెలకొకసారి రెండవ డిస్కునుండి ఒక ఫైలును వెలికి తీసి తెఱచి చూడుడు. తెఱచి చూడని ప్రతి, ఉన్నదో లేదో తెలియని ప్రతియే. ఈ సంవత్సరము మేమును అట్లే చేసితిమి. ఈ సంచికకు వచ్చిన రచనలలో ఒక్కటియు పోలేదు. గత సంవత్సరము పద్యములు పోగొట్టుకొనిన బాలుడు ఈ పర్యాయము క్రొత్త పద్యములు వ్రాసి యిచ్చినాడు. అవి ఈ సంచికలో అచ్చయినవి. ఆ ఫైలును స్వహస్తముతో రెండు డిస్కులలోనికి ఎక్కించి, తెఱచి చూచుకొనిన పిమ్మటనే మేము ఈ వ్యాసమును ముగించుచున్నాము.